తల లేని ఫోటోలు

మా అమ్మకు వచ్చే సోమవారం నెల్లూరులో గుండె ఆపరేషన్. డాక్టరు ఆ మాట చెప్పిన నాటి నుంచి ఆమె ఇంటి పనులన్నీ ఒక్కొక్కటిగా ముగిస్తూ వస్తోంది. చింతపండుకు గింజలు తీసి జాడీకెత్తింది. మేకలను వరికుంటపాడులో మామ ఇంటికి తోలించింది. మందిరం ఊడ్చే తన వంతు ఇంకొకామెకు అప్పజెప్పింది. మొన్న ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికొచ్చి, చెప్పులు కూడా విడవకుండా గుమ్మంలో నిలబడి నన్నడిగింది.

“నన్ను పెట్టెలో ఏం కట్టి పండుకోబెడతావు?”

నేను మర్నాడు బడికి కట్టుకోవాల్సిన చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను.

“ఆపరేషన్‌కు పోయే మనిషి మాట్లాడాల్సిన మాటేనా ఇది?”

“పోయే మనిషే మాట్లాడాల. పోయినాక నువ్వడిగినా చెప్పలేను గదా.”

మా అమ్మతో వాదించి గెలిచినవాళ్లు ఉదయగిరిలో ఎవరూ లేరు. చర్చి అయ్యగారే రెండు మాటల తర్వాత బైబిల్ తెరిచి తప్పించుకుంటారు. 

“కొత్త కోక కొనబాకండి,” అంది అమ్మ. “సావుకని అంగడికి పోయి బేరం చేసుకోని వస్తారా ఎవరన్నా? ఇంట్లో ఉండే వాటితోనే ఏదో ఒకటి కుదుర్చు. నీకు చేతనవుతాది. నువ్వూ అదీ చేస్తా ఉండినారు గదా.”

‘అది’ అంటే మా అక్క. అక్క పోయిన తర్వాత అమ్మ నోట ఆమె పేరు నేను వినలేదు. ‘అది’ అంటుంది, అంతే.  నేనూ అక్కా చేసిన ఆ పనిలో నేను చివరిసారి ముస్తాబు చేసింది అక్కనే, శవపెట్టెలోనే. ఇప్పుడు అమ్మకు కూడా సిద్ధం చేస్తే, చేసినందుకే ఆమె తిరిగి రాదేమోనని నాకు భయం. ఇది చదువుకున్న టీచరమ్మకు ఉండాల్సిన భయం కాదని నాకూ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

మా సంఘంలో ఆడవాళ్ల పెళ్లి చీర తెల్లది. పెళ్లినాడు కట్టుకుని, తర్వాత వేపాకు మధ్య మడత పెట్టి ట్రంకుపెట్టె అడుగున దాస్తారు. మళ్లీ కట్టేది ఆమెను సమాధికి సిద్ధం చేసేటప్పుడే. మా అమ్మ ఏటా ఎండలు ముదిరాక తన చీరను ఒక పూట దండెం మీద ఆరేసేది. చిన్నప్పుడు మేం దాని కింద దూరి ఆడుకోబోతే, “నా సావు కోకను మాపబాకండి” అని కసిరేది. మాకు ఆ మాట మామూలే. గొడుగు, దుప్పటి, చావు చీర, అన్నీ ఎండబెట్టుకునే సామాన్లే. ఇప్పుడు అమ్మ దగ్గర ఆ చీర లేదు. అది మా అక్క ఒంటి మీద మట్టిలో ఉంది.

అక్కకు బట్టల పిచ్చి మా నాయన లారీ నుంచి అంటింది. నాయన మర్రిపాడు మీదుగా బద్వేలు, అక్కడి నుంచి బెంగళూరు దాకా లోడ్లు తోలేవాడు. ఒకసారి పాత కాగితాల లోడు వేసుకుని వస్తూ, అందులోంచి నాలుగు ఇంగ్లీషు ఫ్యాషన్ పుస్తకాలు లాగి మాకు తెచ్చాడు. కొన్ని పేజీలు వానకు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. అట్టలు లేవు. ఇంగ్లీషు నేర్చుకుంటామని ఆయన ఆశ. అక్క ఒక్క ముక్క కూడా చదవలేదు. బొమ్మలే చూసింది. చూసి చూసి, “ఇది మనింట్లో ఉండేదే మే” అంది.

నిజమే. ఒక పేజీలో తెల్లతోలు పిల్ల కట్టుకున్న గళ్ల లంగా అచ్చం మా నాయన లుంగీ. అక్క ఆ లుంగీని నడుముకు చుట్టి, కుచ్చు పక్కకు తిప్పి, పైన నాయన ఖాకీ చొక్కా వేసి, చేతులు మోచేయి దాకా మడిచి, మా ఊళ్లో చెక్కే చెక్క ఫోర్కు ఒకటి కొప్పులో గుచ్చి నన్ను నిలబెట్టింది. అద్దంలో చూసుకుంటే నేను నేను కాదు. ఆ రోజు నుంచి నాయన ఏ లోడుకు పోయినా పుస్తకాల కోసం కాచుకునేవాళ్లం. ఆయన లుంగీ మాత్రం ఆయనకు దొరికేది కాదు.

అక్క కొన్ని షరతులు పెట్టింది. ఏదీ కొనకూడదు. ఎవరినీ అడిగి తేకూడదు. దేనికీ కత్తెర పెట్టకూడదు. ఇంట్లో ఉన్నదే, ఉన్నట్టే వాడాలి. భుజాలు లేని గౌను బొమ్మ చూసి అక్క ఒకసారి అమ్మ లోపలి పావడాను చంకల కింద కట్టి బయటికొస్తే అమ్మ ఎగాదిగా చూసి, “ఏంది, నీళ్లు పోసుకోను పోతుండావా?” అంది. అక్క మెడలో అమ్మ పూసల దండ వేసుకుని, గడ్డం కొంచెం పైకెత్తి నిలబడింది. అంతే, అది పావడా కాకుండా పోయింది. అమ్మ కూడా ఒక్క క్షణం చూస్తూ ఉండిపోయింది. తర్వాత పావడా ఇచ్చెయ్యమని కేకలేసిందనుకోండి.

“బట్టలో ఏముండాది మే, నిలబడేదాంట్లో ఉండాది,” అనేది అక్క. “బుజం దించు.” ఆ మాట నాకు రోజుకు ఎన్నిసార్లు పడేదో. బుజం దించు. బుజం దించు.

ఒక పుస్తకం చివర ఆ ఫోటోలు ఎలా తీశారో చూపించే పేజీ ఉంది. ముందు నుంచి అచ్చుపోసినట్టు అతికిన గౌను వెనక చూస్తే, వీపు పొడవునా క్లిప్పులు. బట్ట వదులైతే వెనక్కి లాగి పట్టించారు. ఆ పేజీ చూసిన రోజు అక్క సంతోషం నేను మరిచిపోలేను. “చూడు మే, వాళ్లకి కూడా సరిపోలా,” అంది. లోకంలో అందమైన ఆడవాళ్లందరూ తన పక్షానికి వచ్చేసినట్టు అంది. ఆ మర్నాటి నుంచి అమ్మ దండెం మీద బట్టలకు క్లిప్పులు లేవు. అన్నీ మా వీపుల మీదే. “ముందు కనపడితే చాలు, వెనక ఎవురు చూస్తారు” అన్నది మా ఇంట్లో మాటయిపోయింది.

ఫోటోలు పెరట్లో తీసుకునేవాళ్లం. వెనక దుర్గం కొండ కనిపించేది. ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి టైమర్ పెట్టేవాళ్లం. దీనికి అమ్మ ఒప్పుకుంది, ఒక్క షరతు మీద.

“మీ తలకాయలు మాత్రం రాకూడదు,” అంది అమ్మ. “ఫోన్ ఎవురి చేతిలో పడతాదో ఎవురికి తెలుసు? బట్టలు చూస్తే చూడనీ. పిల్ల ఎవురో తెలవకూడదు.”

ఆడపిల్లల ఫోటోలు పట్టుకుని కుర్రాళ్లు ఏమేం చేస్తారో అప్పటికే మా వీధిలో ఒక ఇంటికి అనుభవమైంది. అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. అందుకని మెడ వరకే తీసేవాళ్లం. ఫోన్ కొంచెం కిందికి వంచితే తల పోతుంది. అక్క అది కూడా నవ్వుతూనే చేసేది. ఆత్మకూరులో ఆమె పనిచేసే రెడీమేడ్ అంగట్లో అద్దం వెనక బొమ్మకు కూడా తల లేదు, మెడ దగ్గర తెగి ఒక చెక్క బిరడా ఉంటుంది. “నేనూ అదీ అక్కాచెల్లెళ్లమే” అనేది. ఆ బొమ్మకు రోజూ బట్టలు మార్చేది ఆమే. చున్నీ ఎడమ భుజం మీద రెండు మడతలు తిప్పి పిన్ను కనపడకుండా పెట్టే ఒక పద్ధతి ఆమెకు మాత్రమే వచ్చు.

చివరి పుస్తకంలో ఒక పేజీ ఉంది. ఎండిన చేలో ఒక ఆడమనిషి. మా మర్రిపాడు రోడ్డు పక్కన కనపడే నేలలాగే ఉంది ఆ చేను. ఆమె ఒంటి మీద ఒకే ఒక తెల్లని గుడ్డ. కుచ్చిళ్లు లేవు. ఒళ్లంతా చుట్టుకుని, కుడి భుజం మీదుగా వెనక్కి పోయి, నేల దాకా జారి ఉంది. అక్క ఆ పేజీ చింపి బీరువా తలుపు లోపలివైపు అంటించింది. దానికి కావాల్సిన తెలుపు మా ఇంట్లో ఒకే ఒక చీరకు ఉంది.

“దాన్ని ముట్టుకోబాక,” అంది అమ్మ. “అది నేను పోయేటప్పుడు కట్టాల్సింది.”

“అయితే నువ్వు పోయేదాకా నేను కాచుకోవాల్నా?” అంది అక్క నవ్వుతూ. అమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది, వద్దన్నా వినిపిస్తుంది.

ఆ వానాకాలమే అక్కకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరం అనుకున్నాం. ఆత్మకూరులో చూపించాం, తర్వాత నెల్లూరు తీసుకుపోయాం. రక్తంలో కణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కించారు, మళ్లీ పడిపోయాయి. చేతులకు సూదులు గుచ్చి గుచ్చి మోచేతుల దాకా ఉబ్బిపోయాయి. నేను పక్కన కూర్చుని ఉంటే దుప్పటి సర్దమంది. సర్దాను. “అట్ట కాదు, కుచ్చు పోయింది చూడు” అంది. అవే ఆమె నాతో అన్న ఆఖరి మాటలు. ఆస్పత్రి దుప్పటికి కూడా కుచ్చు కావాలి ఆమెకు.

అక్కను ఇంటికి తెచ్చాక వీధి మొదట్లో కట్టడానికి ఫ్లెక్సీ కావాలని మా నాయన తమ్ముడు వచ్చి ఫోటో అడిగాడు. ఫోన్ తీశాను. అక్క ఫోటోలు వందలున్నాయి. లుంగీలో అక్క, ఖాకీ చొక్కాలో అక్క, పావడా గౌనులో అక్క. వేలు పెట్టి జరుపుతూనే ఉన్నాను. మెడ, భుజాలు, నడుము, చేతులు, వెనక కొండ. మొహం లేదు. ఒక్కదాంట్లో కూడా లేదు. చిన్నాన్న నా భుజం మీద నుంచి చూస్తూ, చూస్తూ, మెల్లగా వెనక్కి జరిగాడు. ఆయన భయపడ్డాడని నాకు అర్థమైంది. నాకూ భయమేసింది. అప్పటిదాకా అవి మా ఆట ఫోటోలు. ఆ క్షణంలో అవి ఇంకేదో అయిపోయాయి.

చివరికి ఆధార్ కార్డులో బొమ్మను పెద్దది చేయించి వేశారు. అందులో అక్క అక్కలా లేదు. కళ్లు చిట్లించి, జుట్టు చెవుల వెనక్కి అణిచి, ఎవరో తిట్టినట్టు ఉంది. భుజాలు రెండూ పైకి ఉన్నాయి. వీధిలోకి వచ్చినవాళ్లంతా ఆ మొహాన్నే చూసి ఏడ్చారు. అమ్మ ఆ ఫ్లెక్సీ వైపు ఒక్కసారే చూసింది. “తలకాయలు వద్దన్నాను,” అంది, ఎవరితోనూ కాదు. “నేనే గదా వద్దన్నాను.”

కాసేపటికి లోపలికి పోయి ట్రంకుపెట్టె అడుగు నుంచి తెల్ల చీర తీసుకొచ్చింది. వేపాకు ఎండిపోయి పొడై రాలింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వద్దన్నారు. పెళ్లికాని పిల్లకు పెళ్లి చీర ఏందన్నారు. ఒకావిడ అయ్యగారిని పిలిచింది. ఆయన గుమ్మంలో నిలబడి తల వంచుకున్నారు. చీర అమ్మ నా చేతుల్లో పెట్టింది.

“నువ్వు కట్టు. అది ఎట్ట అడిగిందో నీకు తెలుసు.”

పెళ్లి జాకెట్టు అక్క ఉబ్బిన చేతులకు ఎక్కలేదు. వేరే తెల్ల జాకెట్టు వేసి, వెనక విప్పేసి క్లిప్పులు పెట్టాను. తర్వాత నా చేతులు వాటంతట అవే పోయాయి. కుచ్చిళ్లు లేకుండా చుట్టి, కుడి భుజం మీదుగా కొంగు తిప్పి, పాదాల దాకా జార్చాను. బీరువా తెరిచి పేజీ చూడాల్సిన పని కూడా లేకపోయింది. “ఇదేం కట్టు” అని వెనక ఎవరో గొణిగారు. అమ్మ వాళ్ల వైపు తిరిగి “కట్టనీండి” అంది. చివర్లో నేను అక్క భుజాన్ని మెల్లగా కిందికి దించాను. అది దిగింది. పుస్తకంలో ఉన్నట్టే ఉంది అక్క. అన్నిట్లోకీ బాగా కుదిరింది అదే, దానికి మాత్రం ఫోటో లేదు.

ఆ తర్వాత నెల రోజులకు నేను ఆత్మకూరు బస్టాండులో దిగి చదువుకునే కాలేజీకి నడుస్తుంటే అంగడి అద్దంలో బొమ్మ కనిపించింది. ఆకుపచ్చ చుడీదార్. ఎడమ భుజం మీద చున్నీ రెండు మడతలు, పిన్ను కనపడకుండా. అక్క జ్వరంతో ఇంటికొచ్చిన రోజున వేసిందే. అంగడివాళ్లకు మార్చడానికి చేతులు రాలేదో, తీరిక లేదో. నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. ఆటోవాడు తిట్టి పోయాడు. తర్వాత చాలా రోజులు కూరగాయల మార్కెట్ చుట్టూ తిరిగి పోయేదాన్ని. ఒకరోజు మళ్లీ ధైర్యం చేసి ఆ దారిన పోతే, బొమ్మకు వేరే బట్టలు వేసి ఉన్నాయి, చున్నీ ఎలాగో వేలాడేసి ఉంది. అప్పుడు ఏడ్చినంతగా నేను సమాధి దగ్గర కూడా ఏడవలేదు.

సమాధి తర్వాత ప్రార్థనకు చేరే ఆదరణ కూడిక అయ్యాక పోయినవాళ్ల బట్టలు పంచేస్తారు మా వైపు. అమ్మ ఒక్కటీ ఇవ్వలేదు. బీరువా అలాగే ఉంచింది. కొన్నాళ్లకు వాటిని నేను కట్టుకోవడం మొదలుపెట్టాను. ఆత్మకూరులో బడిలో చేరాక సాటి టీచర్లు “ఎక్కడ కొన్నావు, ఎంత బాగా మ్యాచ్ చేస్తావు” అంటుంటారు. ఇంట్లో ఉన్నవే అంటాను. అందులో అబద్ధం లేదు. ఏది దేని మీద వేయాలో ఇప్పటికీ నేను తేల్చను. తలుపు తెరిచి నిలబడతాను, చెయ్యి దేని మీదికి పోతే అది తీస్తాను. అద్దం ముందు నిలబడ్డప్పుడు వెనక ఎవరో కొంగు సర్దినట్టుంటుంది. బుజం దించు అని వినపడుతుంది. దించుతాను. వెనక్కి తిరిగి చూడను. చూస్తే ఎవరూ ఉండరని తెలుసు కాబట్టి చూడను.

అలాంటి నాకు అమ్మ ఈ పని చెప్పింది. రెండు రోజులు తప్పించుకు తిరిగాను. పరీక్ష పేపర్లు దిద్దాలన్నాను, తలనొప్పి అన్నాను. మూడోరోజు మధ్యాహ్నం బడి నుంచి తొందరగా వచ్చేసరికి అమ్మ బీరువా ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. మంచం మీద ఇంట్లోని తెల్ల బట్టలన్నీ పరిచి ఉన్నాయి. కాలం చేసిన నాయన పంచె, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆదివారాలకు కట్టుకునే ఆమె నూలు చీరలు, అక్కకు ఎక్కని పెళ్లి జాకెట్టు, పెళ్లిలో వేసుకున్న నెట్టు ముసుగు.

“నేను చెయ్యను,” అన్నాను. “చేస్తే నువ్వు కూడా పోతావు.”

అనేశాక నాకే సిగ్గనిపించింది. అమ్మ నన్ను కోప్పడలేదు.

“చెయ్యకపోతే ఆగుతానా?” అంది. “దానికి ఏమన్నా ముందే సిద్ధం చేసి పెట్టినామా? అయినా పోయింది. అప్పుడు ఎంత అల్లాడినాము. కోక కోసం అల్లాడినాము, ఫోటో కోసం అల్లాడినాము. ఈసారి అట్ట వద్దు. నువ్వు ఒక్కదానివే ఉంటావు, అది కూడా ఉండదు చెయ్యి ఎయ్యను.”

నేను సంచి కింద పెట్టి చేతులు కడుక్కున్నాను.

నూలు చీరల్లో కొత్తది ఎంచాను. పెళ్లి జాకెట్టు అమ్మకు ఎప్పుడో చిన్నదైపోయింది. వెనక హుక్కులు విప్పి, అందినంత లాగి, మిగతాది దండెం క్లిప్పులతో పట్టించబోయాను. క్లిప్పులు ఎక్కడున్నాయని అడిగేలోపే అమ్మ తన ఒళ్లోంచి తీసి ఇచ్చింది. ముందే తెచ్చుకుని కూర్చుంది.

“ముందు కనపడితే చాలు,” అంది. “పండుకోబెట్టేదే గదా, వెనక ఎవురు చూస్తారు.”

నాకు నవ్వు వచ్చింది. నవ్వుతోనే ఏడుపూ వచ్చింది. ఆమె మాత్రం అద్దంలో తన భుజాలను చూసుకుంటోంది.

నెట్టు ముసుగు పసుపుబారి ఉంది, దాన్ని కొంగు కింద మడతలో వేశాను. ఇంకా ఏదో తక్కువైంది. బీరువాలో అక్క బట్టల వైపు నా చెయ్యి పోయి ఆగింది. అమ్మ చూసింది.

“దాని చున్నీ తెల్లది ఉండాల, అంచుకు దారం పూలు కుట్టుకునింది. అది పైన ఎయ్యి. నాది అది కట్టుకోని పోయింది. దానిది నేను కట్టుకుంటా.”

చున్నీ తీశాను. అమ్మ ఎడమ భుజం మీద రెండు మడతలు తిప్పి, పిన్ను కనపడకుండా పెట్టాలని ప్రయత్నించాను. అక్క పోయిన ఈ ఎనిమిదేళ్లలో రానిది. ఆ రోజు వచ్చింది. ఎలా వచ్చిందో నేను చెప్పలేను.

“బుజం దించు,” అన్నాను. ఆ గొంతు నాది కాదనిపించింది. అమ్మ చటుక్కున నా వైపు చూసి, దించింది.

పెరట్లోకి తీసుకుపోయాను. ఎండ ఏటవాలుగా పడుతోంది. వెనక కొండ. బియ్యం డబ్బా బదులు నేనే ఫోన్ పట్టుకున్నాను. అలవాటు ఎంత చెడ్డదో చూడండి. నా చేతులు ఫోన్‌ను కొంచెం కిందికి వంచాయి. చీర అంచు, మడతలు, చున్నీ, మెడ వరకు. అంతా సరిగ్గా వచ్చింది.

అమ్మ అటు నుంచి చెయ్యెత్తి ఆపింది.

“తలకాయ కూడా రానీ,” అంది. “మళ్లీ ఎతుక్కోవాల్సి వస్తాది.”

నేను ఫోన్ పైకెత్తాను. అమ్మ నవ్వలేదు. నేరుగా నా వైపే చూసింది, నేను తీయడం అయ్యేదాకా రెప్ప కొట్టకుండా.